కోటలో యాభై ఏళ్లు: ఫిలిప్ క్వేకు గారి జీవితం



పశ్చిమ ఆఫ్రికాలోని ఘనా దేశానికి వెళ్లినవాళ్లు కేప్ కోస్ట్ అనే ఊళ్లో ఉన్న కోటను చూడకుండా రారు. సముద్రం ఒడ్డున, తెల్ల సున్నం కొట్టిన పెద్ద కోట. గోడల మీద సముద్రం వైపు తిప్పిన ఫిరంగులు వరుసగా ఉంటాయి. కింద ఒడ్డున చేపల పడవలు, ఆడుకునే పిల్లలు. దూరం నుంచి చూస్తే అందంగానే ఉంటుంది.

లోపలికి వెళ్లాక గైడు ఏటవాలు దారిలో నేల కిందికి తీసుకెళ్తాడు. అక్కడ వంపు కప్పుల రాతి గదులు ఉంటాయి. వెలుతురు కోసం, గాలి కోసం గోడ పైభాగంలో చిన్న కన్నాలు తప్ప ఇంకేమీ లేవు. ఓడ వచ్చేదాకా మనుషులను అక్కడే కుక్కి ఉంచేవారు. కొందరు వారాలు, కొందరు నెలలు. మనం అడుగుపెట్టిన నేల అంతా రాయి కాదని, అక్కడ బతికినవాళ్ల మలమూత్రాలు పొరలు పొరలుగా గట్టిపడిన చోట్లు ఉన్నాయని గైడు చెప్పినప్పుడు, ఎవరూ అడుగు కదపరు. ఆ గదుల పైభాగంలోనే ఒకప్పుడు దేవుని ఆరాధన జరిగేదని కూడా ఆయన చెబుతాడు.

మళ్లీ ఎండలోకి వస్తే కోట నడిమి ముంగిలి. అక్కడ కొన్ని సమాధులు ఉన్నాయి. ఒకటి జార్జ్ మాక్లీన్ అనే బ్రిటిష్ అధికారిది. పక్కన ఆయన భార్య, ఇంగ్లండులో పేరున్న కవయిత్రి లెటీషియా లాండన్‌ది. మరొకటి ఒక పాస్టరు గారిది. ఆయన ఆఫ్రికన్. ఈ ఊరిలోనే పుట్టినవారు. ఇంగ్లండు సంఘంలో అభిషేకం పొందిన మొట్టమొదటి ఆఫ్రికన్ ఆయనే. పేరు ఫిలిప్ క్వేకు. ఆఫ్రికా సంఘ చరిత్ర చదివిన ప్రతివారికీ తెలిసిన పేరు.

బానిసల చెరసాల ముంగిట్లో ఒక దైవసేవకుని సమాధి ఎందుకు ఉంది? ఈ నెల ఆయన జీవితాన్ని చూద్దాం.

ముగ్గురు పిల్లల ప్రయాణం

క్వేకు గారు 1741 ప్రాంతంలో ఫాంటే ప్రజల్లో పుట్టారు. బుధవారం పుట్టిన మగబిడ్డకు వాళ్లు పెట్టుకునే పేరు క్వేకు. అప్పటికి ఆ కోట ఇంగ్లీషువాళ్ల చేతిలో ఉంది. 1653లో స్వీడన్‌వాళ్లు మొదలుపెట్టిన ఆ కోట చేతులు మారి, 1660ల్లో ఇంగ్లీషువాళ్లకు దక్కింది. ఆ తీరమంతటికీ వాళ్ల వ్యాపార ముఖ్యకేంద్రం అదే అయింది. మొదట బంగారం, తర్వాత ఎక్కువగా మనుషులు. పదహారవ శతాబ్దం నుంచి పంతొమ్మిదవ శతాబ్దం దాకా యూరప్ దేశాల ఓడలు ఆఫ్రికా తీరం నుంచి ఎక్కించుకున్న మనుషులు సుమారు 1 కోటి 25 లక్షల మంది అని చరిత్రకారుల అంచనా. అందులో లక్షలమంది సముద్రం మీదే చనిపోయారు.

1752లో ఆ కోటకు థామస్ థాంప్సన్ అనే మిషనరీ వచ్చారు. ఆయనను పంపింది లండన్‌లోని సువార్త వ్యాప్తి సంఘం, అంటే మన పెద్దలు ఎస్.పి.జి. అని పిలిచిన సొసైటీ. అక్కడి వాతావరణానికి ఆయన ఆరోగ్యం నిలవలేదు. స్థానిక పిల్లలను చదివించి వెనక్కి తెస్తేనే పరిచర్య నిలుస్తుందని ఆయన ఆలోచన. ఊరి పెద్దల అనుమతితో 1754లో ముగ్గురు పిల్లలను ఇంగ్లండు పంపించారు. వారిలో ఒకరు పదమూడేళ్ల క్వేకు. మిగతా ఇద్దరు కబోరో, కుజో.

ముగ్గురినీ లండన్ దగ్గర ఇస్లింగ్టన్‌లో ఒక బడిపంతులు దగ్గర ఉంచారు. 1758లో కబోరో క్షయతో చనిపోయాడు. మరుసటి ఏడాది క్వేకు, కుజో ఇస్లింగ్టన్ సంఘంలో బాప్తిస్మం పొందారు. అప్పుడే ఆయన ఫిలిప్ అయ్యారు. కొన్నేళ్లకు కుజోకు మతి చలించింది. ఆసుపత్రిలో చేర్చారు. 1766లో అక్కడే కన్నుమూశాడు. ఓడ ఎక్కిన ముగ్గురిలో తిరిగి ఇల్లు చేరింది ఒక్కరే.

1765లో ఫిలిప్ గారికి మొదట డీకనుగా, తర్వాత ప్రీస్టుగా అభిషేకం జరిగింది. అదే ఏడాది కేథరిన్ బ్లంట్ అనే ఇంగ్లీషు యువతిని వివాహం చేసుకున్నారు. 1766 ఆరంభంలో ఇద్దరూ కేప్ కోస్ట్ చేరారు. సొసైటీ ఆయనకు ఏడాదికి 50 పౌన్లు జీతం ఏర్పాటు చేసింది. మిషనరీ, బడిపంతులు, బోధకుడు, మూడు పనులూ ఆయనవే. దానితోపాటు కోటను నడిపే కంపెనీ ఆయనను తమ చాప్లెయిన్‌గా పెట్టుకుంది. వసతి కోటలోనే. బడి కూడా ఆయన గదిలోనే.

మాతృభాష రాని మిషనరీ

ఇక్కడ మన ప్రవాస కుటుంబాలు కాసేపు ఆగి ఆలోచించాల్సిన సంగతి ఒకటుంది. పదమూడేళ్లకు వెళ్లి ఇరవై అయిదేళ్లకు వచ్చిన ఆయన నోట ఫాంటే భాష నిలవలేదు. సొంత ఊరివాళ్లకు సువార్త చెప్పడానికి దుబాసీ కావలసి వచ్చింది. భాషను మళ్లీ పట్టుకోమని సొసైటీవారు ఉత్తరం రాసి చెప్పారు. అది ఆయనకు చివరిదాకా పూర్తిగా పట్టుబడలేదు.

కేథరిన్ గారు వచ్చిన ఏడాది తిరగకముందే మరణించారు. ఇంగ్లండు నుంచి వచ్చినవాళ్లకు ఆ తీరం శ్మశానమే. ఫిలిప్ గారు తర్వాత మరి రెండుసార్లు వివాహం చేసుకున్నారు. తన పిల్లలను కూడా చదువుకు ఇంగ్లండే పంపారు.

ఆయన చుట్టూ రెండు లోకాలు. ఊరివాళ్లకు ఆయన తెల్లవాళ్ల బట్టలు వేసుకుని తెల్లవాళ్ల కోటలో ఉండే మనిషి. కోటలోని తెల్లవాళ్లకు ఆయన నల్లవాడు. కొందరు అధికారులు ఆయన ప్రసంగం వినడానికి కూర్చోవడమే అవమానం అనుకున్నారు. గవర్నరు మనసు బాగుంటే ఆరాధన ఉండేది, లేకపోతే నెలల తరబడి ఉండేది కాదు. ప్రభువు బల్ల దగ్గరికి వచ్చేవాళ్లే కరువు. మొదటి తొమ్మిదేళ్లలో ఆయన బాప్తిస్మమిచ్చింది యాభై మందికి కాస్త పైన. వారిలో ఎక్కువమంది కోటలోని తెల్లవాళ్లకు స్థానిక స్త్రీల వల్ల పుట్టిన పిల్లలు. బడిలో ఒక్కోసారి పదిహేనుమంది, ఒక్కోసారి ఒక్కరూ లేరు. లండన్‌కు రాసిన ఉత్తరాలకు ఏళ్ల తరబడి జవాబు రాని కాలాలు ఉన్నాయి. జీతం సమయానికి అందక చిన్న వ్యాపారం చేసుకుంటే, సొసైటీవారు దాన్ని తప్పుపట్టారు.

అయినా వదలలేదు. ఒకరిద్దరు పిల్లలున్నా చదువు చెప్పారు. 1787లో కోట అధికారులే కొందరు ఒక చిన్న సంఘంగా చేరి, పన్నెండుమంది పిల్లలకు తిండి, బట్ట, చదువు ఖర్చు భరించడానికి ముందుకొచ్చారు. బడి మళ్లీ ఊపిరి తీసుకుంది.

పైన ఒకరు, కింద ఒకరు

ఇంతవరకు విన్నది ఓపిక గల సేవకుని కథ. ఇక్కడితో ఆపితే మంచి సాక్ష్యమే అవుతుంది. కానీ గైడు మనల్ని ముందు తీసుకెళ్లింది నేల కిందికి. ఆ గదులను మరిచి ఈ కథ చెప్పలేం.

1770 ప్రాంతంలో ఒక పదమూడేళ్ల ఫాంటే పిల్లవాడు పొలాల దగ్గర ఆడుకుంటుండగా దొంగలు ఎత్తుకుపోయారు. చేతులు మారి మారి తీరానికి వచ్చాడు. అతన్ని కొన్నాళ్లు ఉంచింది కేప్ కోస్ట్ కోటలోనే అని చరిత్రకారులు చెబుతారు. అక్కడి నుంచి ఓడలో కరీబియన్ దీవి గ్రెనడాకు తరలించారు. అతని పేరు ఒటోబా కుగోవానో. తర్వాత ఒక యజమానితో ఇంగ్లండు చేరి, 1773లో అక్కడ బాప్తిస్మం పొందాడు. 1787లో బానిస వ్యాపారం మీద, అసలు బానిసత్వం మీదనే, పుస్తకం రాసి అచ్చువేశాడు. ఆ వ్యాపారంలో సొమ్ము చేసుకుంటున్న క్రైస్తవ దేశాన్ని లేఖనాలతోనే నిలదీశాడు.

ఒక్కసారి ఊహించండి. ఒకే జాతి, ఒకే భాష, ఊరు వదిలేనాటికి ఇద్దరికీ పదమూడేళ్లే. ఒకరిని ఊరి పెద్దలు చదువుకు పంపారు, మరొకరిని దొంగలు అమ్మేశారు. ఒకరు కోట పై గదిలో ప్రార్థన పుస్తకం చదువుతుండగా, మరొకరు అదే కోటలో కింద ఎక్కడో ఓడ కోసం బందీగా ఉన్నాడు. ఇద్దరి మధ్య ఉన్నది ఒక రాతి కప్పు మాత్రమే.

ఫిలిప్ గారు రాసిన ఉత్తరాల్లో యాభై దాకా మనకు మిగిలాయి. కింద ఉన్నవారి గురించి వాటిలో కనిపించేది చాలా తక్కువ. ఆయనకు తెలియక కాదు. అమెరికాలోని తోటి పాస్టర్లకు రాసినప్పుడు మనుషులను సంతలో పశువుల్లా కొనడం దుర్మార్గమని రాశారు. స్వేచ్ఛ కోసం పోరాడుతున్నామంటూ బానిసలను ఉంచుకుంటున్న అమెరికన్ల ద్వంద్వ నీతిని కూడా ఎత్తిచూపారు. అంటే మనస్సాక్షి మాట్లాడుతూనే ఉంది. దూరంలో ఉన్న స్నేహితులతో మాట్లాడింది. తనకు అన్నం పెడుతున్న కంపెనీ ముందు మాత్రం ఆ విషయం మీద గొంతు పెగల్లేదు.

ఆయనకు ధైర్యం లేదని కూడా అనలేం. 1791లో పక్కనే ఉన్న అనొమాబు కోటను కాపాడడానికి ఆయుధం పట్టి రమ్మని గవర్నరు ఆజ్ఞాపించాడు. సువార్త సేవకుడు ఆయుధం పట్టకూడదని ఆయన నిరాకరించారు. గవర్నరు ఉద్యోగం నుంచి తప్పించాడు. లండన్‌లోని కంపెనీ పెద్దలు గవర్నరుదే తప్పని తేల్చి, ఆయనను మళ్లీ చేర్చుకుని జీతం కూడా పెంచారు. కాదు అనగలిగిన మనిషే. కానీ చెరసాల సంగతిలో ఆ మాట బయటికి రాలేదు.

మన కథ కూడా ఇందులో ఉంది

ఫిలిప్ గారి మీద ఒక్కరి మీదే వేలు చూపడం న్యాయం కాదు. ఆయనను వెతికి పట్టి చదువుకు పంపిన థాంప్సన్ గారే 1772లో, బానిస వ్యాపారం మానవత్వానికీ దేవుని వాక్యానికీ విరుద్ధం కాదని వాదిస్తూ ఒక చిన్న పుస్తకం అచ్చువేశారు. ఆధ్యాత్మిక తండ్రే అలా రాస్తే, కోటలో ఒంటరిగా ఉన్న ఆ కుమారుడు ఎవరి దగ్గర బలం తెచ్చుకోవాలి?

ఇక సొసైటీ సంగతి. 1710లో క్రిస్టఫర్ కోడ్రింగ్టన్ అనే ధనవంతుడు చనిపోతూ, బార్బడోస్ దీవిలోని తన చెరకు తోటలను, వాటిలో పనిచేసే వందలాది బానిసలతో సహా ఎస్.పి.జి.కి రాసిచ్చాడు. సువార్త సంఘం ఆ విధంగా బానిసల యజమాని అయింది. తొలి దశాబ్దాల్లో కొత్తగా కొన్నవారి ఛాతీ మీద కాల్చిన ఇనుముతో సొసైటీ అనే మాటను ముద్ర వేశారు. 1830ల్లో బ్రిటిష్ ప్రభుత్వం బానిసలకు విడుదల ఇచ్చినప్పుడు నష్టపరిహారం యజమానులకే దక్కింది. సొసైటీకి ముట్టినది 8,823 పౌన్లు. చెమటోడ్చినవారికి ఏమీ లేదు.

ఇదంతా ఎవరి కథో అనుకుంటున్నారా? ఆ తర్వాత కొన్ని దశాబ్దాలకే అదే ఎస్.పి.జి. మన తెలుగు నేల మీద, కర్నూలు, కడప జిల్లాల్లో పరిచర్య చేసింది. ముత్యాలపాడు, నంద్యాల ప్రాంతాల్లో బడులు పెట్టింది, ఊరి బయట ఉంచబడిన మన ముత్తాతలకు అక్షరం నేర్పింది, బాప్తిస్మమిచ్చింది. నేడు విదేశాల్లో మంచి ఉద్యోగాల్లో ఉన్న కుటుంబాల్లో ఎన్నో ఆ బడుల వరండాల నుంచి మొదలైనవే. ఆ మేలును మరచిపోకూడదు. దాని పక్కనే ఉన్న ఈ చీకటినీ దాచకూడదు. 2006లో ఇంగ్లండు సంఘపు మహాసభ ఈ పాపాన్ని ఒప్పుకుని బహిరంగంగా క్షమాపణ చెప్పింది. సంఘం అబద్ధం చెప్పి గౌరవం నిలుపుకోదు, ఒప్పుకుని నిలుపుకుంటుంది.

విత్తిన విత్తనం

1807లో బ్రిటిష్ పార్లమెంటు బానిస వ్యాపారాన్ని నిషేధించింది. అప్పటికి ఫిలిప్ గారికి అరవై అయిదేళ్లు దాటాయి. నలభై ఏళ్లుగా తన కాళ్ల కింద సాగిన దాన్ని చట్టం ఆపడం ఆయన కళ్లారా చూశారు. 1816 అక్టోబరు 17న కన్నుమూశారు. సేవలో యాభై ఏళ్లు గడిచాయి. కోట ముంగిట్లోనే పాతిపెట్టారు.

చనిపోయేనాటికి లెక్కపెట్టుకుంటే ఫలం కొంచెమే. కానీ బడి నిలిచింది. 1831లో కోట బడిలో చదువుకున్న కొందరు యువకులు తమంతట తామే బైబిలు చదువుకునే చిన్న గుంపుగా చేరారు. బైబిళ్లు కావాలని ఒక ఓడ కెప్టెన్ ద్వారా ఇంగ్లండుకు కబురు పెట్టారు. ఆ కబురు విని 1835 జనవరిలో జోసెఫ్ డన్‌వెల్ అనే మెథడిస్టు మిషనరీ వచ్చారు. ఆరు నెలలకే ఆయన చనిపోయినా పని ఆగలేదు. నేడు ఘనాలో లక్షలమంది ఉన్న మెథడిస్టు సంఘం అలా మొదలైంది. కేప్ కోస్ట్‌లో ఫిలిప్ క్వేకు గారి పేరుతో మగపిల్లల బడి ఇప్పటికీ నడుస్తోంది. దేవుడు లోపం ఉన్న పాత్రను కూడా వాడుకుంటాడు. అంతమాత్రాన లోపం లోపం కాకుండా పోదు.

మన కాళ్ల కింద

రాజులు మొదటి గ్రంథంలో ఓబద్యా అనే మనిషి ఉన్నాడు. ఆహాబు రాజు ఇంట్లో గృహనిర్వాహకుడు. యెజెబెలు ప్రవక్తలను చంపిస్తున్న రోజుల్లో అతను వందమందిని యాభై యాభైగా గుహల్లో దాచి, అన్నపానాలు ఇచ్చి పోషించాడు. ఆహాబు ఉప్పు తింటూనే, ఆహాబు చంపదలచినవారిని బతికించాడు. ఫిలిప్ గారు కూడా ఒక ఆహాబు ఇంట్లోనే ఉన్నారు. ఆయన గుహ దాకా వెళ్లారో లేదో దేవునికి తెలుసు. మనం మాత్రం ఎక్కడున్నాం?

మనలో చాలామందిమి పరాయి దేశంలో ఎవరో కట్టిన కోటలోనే ఉద్యోగం చేస్తున్నాం. జీతం కోసం నోరు మూసుకోవడం ఏమిటో మనకు తెలుసు. గల్ఫ్ దేశాల్లో ఉన్న సహోదరులారా, గోదావరి జిల్లాల నుంచి, కడప నుంచి ఇంటిపనికి వచ్చిన మన చెల్లెళ్ల పాస్‌పోర్టులు ఎవరి బీరువాల్లో ఉన్నాయి? శుక్రవారం ఆరాధనకు రావడానికి సెలవు దొరకని చెల్లి గురించి మన సంఘంలో ఎవరైనా ఆరా తీశారా? మిగతా దేశాల్లో ఉన్నవారమూ తప్పించుకోలేం. మన సంఘాల్లో పెళ్లి సంబంధం మాట వచ్చినప్పుడు రక్షణ సాక్ష్యం ముందు అడుగుతున్నామా, కులం ముందు అడుగుతున్నామా? బల్ల దగ్గర ఒకే రొట్టె విరిచి, బయటికి వచ్చాక గడప దగ్గర గీత గీస్తే, అది కూడా పైన ఆరాధన, కింద చెరసాల కాదా?

కేప్ కోస్ట్ కోటలో సముద్రం వైపు ఒక తలుపు ఉంది. దాన్ని తిరిగిరాని ద్వారం అంటారు. 1998లో జమైకా నుంచి, న్యూయార్క్ నుంచి ఇద్దరు పూర్వ బానిసల అస్థికలను సముద్రం మీదుగా తెచ్చి, ఆ తలుపులోంచే లోపలికి మోసుకొచ్చి, సొంత నేలలో పాతిపెట్టారు. అప్పటి నుంచి ఆ తలుపుకు బయటివైపున తిరిగివచ్చే ద్వారం అనే పేరు కనిపిస్తుంది. మనిషి మూసిన తలుపును రెండో వైపు నుంచి తెరిచే దేవుడు మనకున్నాడు.

ఈ వారం కుటుంబ ప్రార్థనలో ఒక్క పని చేద్దాం. మన ఇంట్లో, మన పనిచోట, మన సంఘంలో మన కాళ్ల కింద మూలుగుతున్నవారు ఎవరో ఒక్కరి పేరైనా ప్రభువును అడిగి తెలుసుకుందాం. పేరు తెలిశాక కిందికి దిగి వెళ్లే కృప కూడా అడుగుదాం. ప్రభువు మనందరికీ ఆ కృప దయచేయును గాక. ఆమేన్.